రొయ్యల చెరువు పక్కన ఓవర్‌క్లాక్ పీసీ: పద్దెనిమిది వేలలో ఏ మదర్‌బోర్డు?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మొగల్తూరు దగ్గర ఊరు, ఇంటి వెనకే రొయ్యల చెరువులు, డాబా మీద ఏసీ లేని గది. ఆర్‌టీఎక్స్ 4060 టీఐ గ్రాఫిక్స్ కార్డు ఇప్పటికే కొన్నావు. ప్రాసెసర్ రైజెన్ 5 7600ఎక్స్ తీసుకోవాలా, ఇంటెల్ ఐ5 14600కె తీసుకోవాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. బోర్డుకు పదిహేను నుంచి పద్దెనిమిది వేలు పెట్టగలవు. ఓవర్‌క్లాక్ చేసి (ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం దాటించి) గేములు ఆడాలి, కనీసం ఐదేళ్లు నడవాలి. షాపులో ఒకాయన "బి760 బోర్డు మీద కె ప్రాసెసర్ పెట్టుకో, ఓవర్‌క్లాక్ అయిపోతుంది" అన్నాడని కూడా రాశావు.

ముందు ఆ మాట సంగతి తేల్చేద్దాం. అవదు. ఇంటెల్‌లో ప్రాసెసర్ మల్టిప్లయర్ (వేగాన్ని నిర్ణయించే గుణకం) మార్చాలంటే జెడ్ అక్షరంతో మొదలయ్యే చిప్‌సెట్ (బోర్డు మీది ప్రధాన చిప్) ఉండాలి: జెడ్690, జెడ్790 లాంటివి. బి760లో ర్యామ్ వేగం పెంచుకోవచ్చు, ప్రాసెసర్ వేగం పెంచలేం. పైగా పద్దెనిమిది వేల లోపు దొరికే జెడ్790లు ఆ వరుసలో అన్నిటికన్నా కింద ఉండేవి. 14600కె గట్టిగా పనిచేసేటప్పుడు 181 వాట్ల దాకా తీసుకుంటుంది, అదీ ఓవర్‌క్లాక్ చేయకముందే. అంత బరువుని అడుగు బోర్డు మీద, ఏసీ లేని గదిలో పెట్టమని నేను చెప్పను. ఇంకో రెండు విషయాలు కూడా ఉన్నాయి. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లలో వోల్టేజి ఎక్కువై చిప్ క్రమంగా దెబ్బతినే సమస్య 2024లో బయటపడింది. 14600కె కూడా ఆ జాబితాలో ఉంది. బయాస్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ద్వారా సరిదిద్దారు, వారంటీ కూడా రెండేళ్లు పొడిగించారు, కాబట్టి ఇప్పుడు కొంటే భయపడక్కర్లేదు. కానీ ఆ ఎల్‌జీఏ1700 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) కథ 14వ తరంతో ముగిసింది. రేపు ప్రాసెసర్ మార్చాలంటే బోర్డూ మార్చాలి. ఏఎండీ వాళ్లు ఏఎం5 సాకెట్‌కి 2027 దాకా, ఆ తరవాత కూడా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ప్రకటించారు. నీకు ఐదేళ్లు నడవాలి కాబట్టి 7600ఎక్స్, దానికి ఒక మంచి బి650 లేదా బి850 బోర్డు. నా లెక్క ఇదే.

పేర్ల దగ్గర ఒక జాగ్రత్త. ఏఎం5లో ఏ620, బి840 అనే చిప్‌సెట్లు కూడా ఉన్నాయి. వాటిలో ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ కుదరదు. బి840 అన్న పేరు చూసి బి850కి తమ్ముడు అనుకుని కొనేవాళ్లు ఉన్నారు. ఆ రెండిటికీ చాలా తేడా. బిల్లు మీద నంబరు చదివాకే డబ్బులివ్వు.

ఇప్పుడు అసలు విషయం. నేను భీమవరంలో 2009 నుంచి పీసీలు బిగిస్తున్నాను. పాలకొల్లు, నరసాపురం, రాజోలు, అమలాపురం, అన్ని వైపుల నుంచీ నా దగ్గరికి వస్తుంటారు. మిడిల్ రేంజ్ బోర్డు కొనేవాళ్లు మొదట చూసేది లైట్లు, వైఫై, పెట్టె మీద రాసిన ర్యామ్ స్పీడు. నేను మొదట చూసేది సాకెట్ పక్కన ఉండే కరెంటు భాగం, అంటే వీఆర్‌ఎం. మన ప్రాంతంలో ఓవర్‌క్లాక్ నిలబడేదీ కూలిపోయేదీ అక్కడే.

డెల్టాలో పుట్టినవాడికి వీఆర్‌ఎం గురించి చెప్పడం తేలిక. ప్రధాన కాలువ నీళ్లు తిన్నగా చేలోకి వదలం కదా. లాకులు, తూములు, బోదెలు దాటి, మడికి ఎంత కావాలో అంతే దిగాలి. ఎస్‌ఎంపీఎస్ (పీసీ పవర్ సప్లై) నుంచి బోర్డుకి వచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్‌కి కావలసింది ఇంచుమించు 1.2 వోల్టులు. ఆ దించే పని చేసేది వీఆర్‌ఎం. 7600ఎక్స్ సాధారణంగా 142 వాట్ల దాకా లాగుతుంది. 142ని 1.2తో భాగించి చూడు, దాదాపు 118 ఆంపియర్లు. మీ ఇంటి మీటరు దగ్గర ఫ్యూజు ఎన్ని ఆంపియర్లో గుర్తు చేసుకుంటే, అరచేయంత చోటులో ఎంత కరెంటు పారుతోందో అర్థమవుతుంది. ఆ దించడంలో ఎంతో కొంత వృథా తప్పదు. పదో వంతు వృథా అయినా పదిహేను వాట్ల వేడి. చిన్న సోల్డరింగ్ ఐరన్‌ని సాకెట్ పక్కన పెట్టి వదిలేసినట్టే.

ఆ బరువు ఎంతమంది పంచుకుంటున్నారన్నదే ఫేజుల సంఖ్య. 14+2+1 అని ఉంటే మొదటి పద్నాలుగు ప్రాసెసర్ కోర్లకు, రెండు ఎస్ఓసీకి (ప్రాసెసర్‌లోనే ఉండే మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకు), ఒకటి మిగతా వాటికి. ఆరు ఫేజుల బోర్డులో ఒక్కొక్కదాని మీద ఇరవై ఆంపియర్లు పడితే, పన్నెండు ఫేజుల బోర్డులో పదే పడతాయి. రెండూ పనిచేస్తాయి. కానీ పది మోసేది చల్లగా ఉంటుంది, వృథా కూడా తక్కువ. ఒక్కో ఫేజులో వాడిన పవర్ స్టేజ్ (కరెంటు మోసే చిప్) ఎన్ని ఆంపియర్లదో కూడా కంపెనీ సైట్‌లో ఉంటుంది. 50, 60, 80 అని రాస్తారు. ఆ వివరం ఎక్కడా రాయని బోర్డుని నేను పక్కన పెట్టేస్తాను. ఇక హీట్‌సింక్. కొన్నింటికి పైన అందమైన ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, లోపల అల్యూమినియం ముక్క పలచగా ఉంటుంది. చేత్తో పట్టుకుంటే బరువు తెలియాలి. స్ప్రింగు పిన్నులతో కాకుండా స్క్రూలతో బిగించి ఉండాలి. గాలి దూరేలా గాట్లు ఉండాలి.

ఇదంతా ఎందుకింత సాగదీస్తున్నానో ఒక ఉదాహరణ చెబుతాను. అమలాపురం నుంచి ఒక అబ్బాయి మెషీన్ తెచ్చాడు. డిసెంబరులో బిగించుకుని, ఓవర్‌క్లాక్ చేసి, రాత్రంతా టెస్టు నడిపి చూసుకున్నాడట. ఒక్క ఎర్రర్ లేదు. ఏప్రిల్ ఆఖర్లో గేము ఆడుతుంటే పది నిమిషాలకోసారి ఫ్రేములు పడిపోవడం మొదలైంది. గ్రాఫిక్స్ కార్డు పాడైందనుకుని టెన్షన్ పడ్డాడు. చూస్తే వీఆర్‌ఎం 110 డిగ్రీలు దాటుతోంది. బోర్డు తనని తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగాన్ని తగ్గించేస్తోంది. ఆ బోర్డుకి ఒక వైపు హీట్‌సింక్ లేనేలేదు. సంక్రాంతికి గది 24 డిగ్రీలుంటే రోహిణి కార్తెలో డాబా గది 40 ఉంటుంది. గది వేడి పదహారు డిగ్రీలు పెరిగితే బోర్డు మీద ప్రతి భాగం వేడీ ఇంచుమించు అంతే పెరుగుతుంది. యూట్యూబులో చూసే రివ్యూలు సాధారణంగా ఏసీ గదుల్లో చేసినవే. వాళ్లు 75 డిగ్రీలు చూపిస్తే నువ్వు 90 అనుకో. అందుకే చల్లని ఊళ్లవాళ్లకి సరిపోయే బోర్డు కన్నా మనకి ఒక మెట్టు పైది కావాలి.

దీనికి కూలర్‌తో కూడా సంబంధం ఉంది. నువ్వు లిక్విడ్ కూలర్ అనుకుంటున్నట్టు రాశావు. అది ప్రాసెసర్ వేడిని రేడియేటర్‌కి మోసుకెళ్లిపోతుంది కానీ సాకెట్ చుట్టూ గాలి కదలదు. రెండు టవర్లున్న మంచి ఎయిర్ కూలర్ అయితే దాని ఫ్యాను గాలి వీఆర్‌ఎం మీద నుంచి కూడా పోతుంది. 7600ఎక్స్‌కి అది చాలు, ఖర్చూ తక్కువ. మిగిలిన డబ్బు బోర్డు మీద పెట్టు. ఒకటి ముందే చెబుతున్నాను: 7600ఎక్స్ గట్టి పనిలో 95 డిగ్రీలకు చేరడం దాని తీరే, ఏఎండీ అలాగే తయారు చేసింది. అది చూసి కంగారు పడకు.

మోడళ్లు అడిగావు కాబట్టి చెబుతాను. ఎంఎస్ఐ బి650 టోమహాక్ వైఫైలో 14+2+1 ఫేజులు, 80 ఆంపియర్ల స్టేజులు, బరువైన హీట్‌సింకులు ఉంటాయి. నీ ప్రాసెసర్‌కి అవసరానికి మించిన బోర్డే, కానీ రేపు ఎనిమిది, పన్నెండు కోర్లది వేసుకున్నా తలవంచదు. పద్దెనిమిది వేలకు దొరికిన రోజు ఆలోచించకుండా తీసుకో. ఆసుస్ టఫ్ గేమింగ్ బి650 ప్లస్‌లో 12+2, 60 ఆంపియర్లవి. ఇదీ మన ఎండకి సరిపోతుంది. బడ్జెట్ బాగా బిగుసుకుపోతే ఆస్‌రాక్ బి650ఎం హెచ్‌డీవీ ఎం.2 అనే చిన్న బోర్డు ఉంది. 8+2+1 ఫేజులే అయినా ధరకి మించిన కరెంటు భాగం దానిది, 7600ఎక్స్‌ని నిశ్చింతగా మోస్తుంది. ఆరు ప్రధాన ఫేజుల బోర్డులు ఏ కంపెనీవైనా నీ గదికి వద్దు. ధరలు రోజూ మారుతుంటాయి కాబట్టి ఈ మూడింటినీ గుర్తుపెట్టుకుని, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలోనూ ఆన్‌లైన్‌లోనూ పోల్చి చూసుకో.

బయాస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందో లేదో తప్పకుండా చూడు. బయాస్ అప్‌డేట్ అవుతుండగా కరెంటు పోతే బోర్డు మూగబోతుంది. మన వైపు వానాకాలం సాయంత్రాల్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. వెనక ఈ బటన్ ఉంటే ప్రాసెసర్, ర్యామ్ ఏవీ లేకపోయినా పెన్‌డ్రైవ్ నుంచి మళ్లీ బయాస్ ఎక్కించుకోవచ్చు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉండాలి, ఫైలు పేరు మాన్యువల్‌లో చెప్పినట్టు మార్చాలి, అంతే. ఇది లేని బోర్డుతో నా దగ్గరికి వచ్చినవాళ్లని చిప్ ప్రోగ్రామర్ ఉన్న రిపేరు వాళ్ల దగ్గరికి పంపాల్సి వచ్చింది. పక్కనే డీబగ్ లైట్లు నాలుగు ఉంటే ఇంకా మంచిది. సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్, ఎక్కడ ఆగిందో చెబుతాయి. ఓవర్‌క్లాక్ చేసేవాడికి అవి రంగుల లైట్ల కన్నా వంద రెట్లు విలువైనవి.

అక్కర్లేనివి త్వరగా చెప్పేస్తాను. పీసీఐఈ 5.0 గ్రాఫిక్స్ స్లాట్ నీకు పనికిరాదు, 4060 టీఐ నడిచేది 4.0లో, అదీ ఎనిమిది లేన్ల మీదే. ఖరీదైన ఆడియో చిప్, 5 గిగాబిట్ ల్యాన్ వద్దు. రౌటర్ పక్క గదిలోనే ఉంటే కేబుల్ లాగేసుకో, వైఫై లేని మోడల్ తీసుకుంటే కొంత మిగులుతుంది.

ర్యామ్ మాత్రం రెండు స్టిక్కులే, డీడీఆర్5 6000, సీఎల్30, ఎక్స్‌పో (ఏఎండీ బోర్డుల్లో ర్యామ్ వేగాన్ని ఒక్కసారిగా సెట్ చేసే సౌకర్యం) ఉన్నది. నాలుగు స్లాట్లున్నాయని నాలుగూ నింపితే ఏఎం5లో వేగం బాగా పడిపోతుంది. కంపెనీ సైట్‌లో ఆ బోర్డుతో పరీక్షించిన ర్యామ్ జాబితా ఉంటుంది, అందులో ఉన్నదే కొను. మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. ర్యామ్‌ని బోర్డు సరిచూసుకుంటోందన్నమాట. ఒక్కోసారి పది నిమిషాలు కూడా పడుతుంది. పాడైపోయిందనుకుని స్విచ్ కట్టేసేవాళ్లని ఎంతమందిని చూశానో. కూర్చుని ఆగు.

ఇంక మీ ఊరి కరెంటు. ఇది బోర్డు ఎంపికలో భాగం కాదనుకోవద్దు. చెరువుల మీద ఏరేటర్ల మోటార్లు ఒక్కసారిగా స్టార్టయితే వోల్టేజి పడిపోతుంది, ఒక్కసారిగా ఆగితే లేస్తుంది. గాలివానకి స్తంభం మీద న్యూట్రల్ ఊడితే ఇంట్లోకి 300 దాటి కూడా వచ్చేస్తుంది. వీధిలో టీవీలన్నీ ఒకేరోజు పోయేది అందుకే. మంచి ఎస్‌ఎంపీఎస్ 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది, పై నుంచి వచ్చే దెబ్బకి మాత్రం నిలవదు. కాబట్టి వోల్టేజి హద్దు దాటితే లైను కట్ చేసే ప్రొటెక్టర్ ఒకటి మెయిన్ దగ్గర పెట్టించు. దాని తరవాత 1000 వీఏ యూపీఎస్. 600 వీఏది కొనకు. నీ ప్రాసెసర్, కార్డు రెండూ కలిసి 300 వాట్లు లాగుతాయి, మానిటర్, మిగతావి కలిస్తే చిన్నది కుయ్యోమని ఆగిపోతుంది.

ఎర్తింగ్ గురించి అడగలేదు కానీ చెప్పి తీరాలి. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? పాత ఇళ్లలో మూడో పిన్ను దగ్గర వైరే ఉండదు. అప్పుడు ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ వల్ల క్యాబినెట్ మీదకి సగం వోల్టేజి, అంటే 115 వోల్టుల దాకా చేరుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి ప్రాణం పోదు కానీ యూఎస్‌బీ పోర్టులు, ఆడియో, ఒక్కోసారి బోర్డే పోతుంది. మల్టీమీటరుతో చూస్తే ఫేజుకీ ఎర్తుకీ మధ్య 230 దగ్గర, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. మన నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది, ఎర్తు గొయ్యి తీయించడం రాయలసీమ వాళ్లకున్నంత కష్టం కాదు. ముందు అది చేయించు, తరవాతే మెషీన్ బిగించు.

ఉప్పుగాలి సంగతి కూడా ఉంది. సముద్రం మీకు దగ్గర. అంతర్వేది వైపు నుంచి నా దగ్గరికి వచ్చిన ఒక బోర్డుకి వెనక పోర్టుల రేకు తుప్పుపట్టి, ర్యామ్ స్లాట్ పక్కన రాగి చిలుం పచ్చగా కనిపించింది. కొని రెండేళ్లు కాలేదు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరు పీల్చుకుని కరుగుతుంది. బోర్డు మీద పేరుకున్న దుమ్ములో ఆ ఉప్పు ఉంటే, ముసురు పట్టిన వారం పాటు అది తడి పొరలా మారి, కరెంటు పారకూడని చోట పారుతుంది. అందుకే వెనక రేకు బోర్డుతో కలిసే వచ్చే రకం, స్లాట్లకు మూతలున్న రకం నాకిష్టం. వాడని పోర్టులకు రబ్బరు మూతలు పెట్టు. ముసురు రోజుల్లో గేము ఆడకపోయినా రోజూ అరగంట ఆన్ చేసి ఉంచు, లోపలి వేడికి తేమ ఆరిపోతుంది. నెలకోసారి మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము తీయి. క్యాబినెట్‌కి జాలీలు లేకపోతే బల్లులు దూరతాయి. వెచ్చగా ఉంటుందని బోర్డు వెనక చేరి, రెండు పిన్నులు కలిపేసి చచ్చిపోయిన బల్లిని నేనే తీశాను. తుప్పు, కాలిన మచ్చ కనిపిస్తే సాధారణంగా వారంటీ కింద తీసుకోరు, కాబట్టి ఇవి చిన్న విషయాలు కావు.

ఓవర్‌క్లాక్ ఎలా చేయాలన్నదానికి నా సలహా నీకు మొదట నచ్చకపోవచ్చు. అన్ని కోర్లనీ 5.5 గిగాహెర్ట్జ్‌కి లాక్ చేయడం మానేయ్. 7600ఎక్స్ తనంతట తానే 5.3 దాకా వెళుతుంది. పీబీఓ (ప్రాసెసర్ తన వేగాన్ని తానే ఇంకా పెంచుకునేలా చేసే బయాస్ సెట్టింగు) ఆన్ చేసి, కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్లకీ మైనస్ 15 పెట్టి మొదలుపెట్టు. అదే వేగానికి తక్కువ వోల్టేజి వాడుతుంది. వేడి తగ్గుతుంది, ఆ మిగిలిన చోటులో వేగం తనే పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం నీకు కావలసింది అదే. గేము రెండు గంటలు ఆడితే స్టేబుల్ అని తేల్చేయకు. తక్కువ లోడులో, ఒంటి కోరు మీద పడిపోయే సమస్యలు గేముల్లో కనిపించవు. కోర్‌సైక్లర్ అనే టెస్టు ప్రోగ్రామ్ పెట్టి రాత్రంతా నడిపించు. ఒక కోరు ఎర్రర్ ఇస్తే దాని ఒక్కదానికి మైనస్ 10 చెయ్యి. ఎస్ఓసీ వోల్టేజి 1.3 దాటకూడదు. 2023లో కొన్ని ఏఎండీ ఎక్స్3డీ ప్రాసెసర్లు సాకెట్లోనే కాలిపోయాక బయాస్‌లోనే ఆ హద్దు పెట్టేశారు. అందుకని బోర్డు పెట్టె విప్పిన రోజే కొత్త బయాస్ ఎక్కించు.

కొనేటప్పుడు చివరిగా ఒక పని. ఏఎం5లో పిన్నులు ప్రాసెసర్‌కి కాదు, బోర్డు సాకెట్‌లో ఉంటాయి. షాపులోనే మూత తీయించి, ఫోను టార్చి పక్క నుంచి వేసి చూడు. వరసలన్నీ ఒకేలా మెరవాలి. ఒక్క పిన్ను వంగినా అక్కడే చెప్పు, ఇంటికొచ్చాక ఎవరూ ఒప్పుకోరు. ఆ నల్ల ప్లాస్టిక్ మూత పారేయకు, వారంటీకి పంపేటప్పుడు అది ఉండాలంటారు. హైదరాబాదులో బిగించి తెచ్చుకుంటే కూలర్ విప్పించి విడిగా తెచ్చుకో, బస్సు డిక్కీలో కుదుపులకి ఆ బరువు బోర్డుని వంచేస్తుంది.

అన్నీ అయ్యాక హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో వీఆర్‌ఎం వేడి ఎంత చూపిస్తోందో, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు అరగంట గేము ఆడాక రాసుకో. 85 లోపుంటే మైనస్ 20 దాకా వెళ్లి చూడవచ్చు. 95 దాటితే ముందు క్యాబినెట్ వెనక ఫ్యాను సరిగ్గా బయటికే ఊదుతోందో లేదో చూసి, ఆ అంకెలు నాకు చెప్పు.